మాల్గుడి చూసి వచ్చాం

మాల్గుడి ఏ జిల్లాలో ఉందని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం. అట్లాసులో వెతికితే దొరకదు. రైల్వే టైంటేబుల్లో ఆ పేరుతో స్టేషను లేదు. అయినా ఆ ఊరి పక్కన సరయు అనే నది పారుతుందనీ, ఊళ్ళో మార్కెట్ రోడ్డు, కబీర్ వీధి, ఆల్బర్ట్ మిషన్ స్కూలు ఉన్నాయనీ, ఊరవతల మెంపి కొండలున్నాయనీ లక్షలాది మందికి తెలుసు. ఆర్.కె. నారాయణ్ గారు 1935లో వెలువడిన ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ నవలతో కట్టడం మొదలుపెట్టిన ఊరది. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా, నవల తర్వాత నవలగా, కథ తర్వాత కథగా దానికి వీధులు కలుపుతూనే వచ్చారు.

1987లో దూరదర్శన్‌లో ‘మాల్గుడి డేస్’ ధారావాహిక వచ్చింది. మన పాఠకుల్లో నలభై అయిదు దాటిన వాళ్ళకి ఆ టైటిల్ సంగీతం వినిపిస్తే చాలు, వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి టీవీ ముందు కూర్చున్న రోజులు జ్ఞాపకం వస్తాయి. అప్పటిదాకా చదివినవాళ్ళ ఊహలోనే ఉన్న ఊరికి ఆ ధారావాహికతో ఒక వీధీ, ఒక ఇల్లూ, ఒక రైల్వే స్టేషనూ వచ్చాయి. ఆ రూపాన్ని అరువిచ్చిన ఊళ్ళలో ముఖ్యమైనవి రెండు. రెండూ కర్ణాటకలో శివమొగ్గ జిల్లాలోనే ఉన్నాయి. ఒకటి అరసాళు, రెండోది ఆగుంబె. కిందటి డిసెంబరు సెలవుల్లో మావారూ, నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయీ కలిసి బెంగుళూరు నుంచి బయల్దేరి మూడు రోజుల్లో ఈ రెండు ఊళ్ళూ, వాటి చుట్టుపక్కలా చూసి వచ్చాం. ఆ సంగతులు మన పత్రిక పాఠకులతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

ఉన్న ఊరు, చెప్పుకునే ఊరు

ముందు మా సంగతి కాస్త చెప్పాలి. మాది గంగావతి తాలూకాలో ఒక క్యాంపు. బరంపురం, యానాం, షోలాపురం వైపు పాఠకులకి క్యాంపు అంటే మిలట్రీ వాళ్ళదేమో అనిపించవచ్చు. 1950లలో తుంగభద్ర డ్యాం కట్టి కాలువలు తవ్వాక కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల రైతులు ఇటు వచ్చి, నల్లరేగడి భూములు కొనుక్కుని, చదును చేసుకుని, పొలాల పక్కనే గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల గుంపులే క్యాంపులు. తర్వాత డాబాలు లేచాయి, రైసు మిల్లులు వచ్చాయి, రామాలయాలు కట్టుకున్నారు. పేరు మాత్రం క్యాంపుగానే నిలిచిపోయింది.

క్యాంపులో పుట్టిన మా బోటి పిల్లలకి రెండు ఊళ్ళు. ఉన్న ఊరు ఒకటి, చెప్పుకునే ఊరు ఒకటి. ఉన్న ఊళ్ళో బడి కన్నడం, సంత కన్నడం. చెప్పుకునే ఊరు దివిసీమలో ఉంది. దాన్ని మాకు చూపించింది మా నాయనమ్మ మాటలే. మండువా లోగిలి, నాలుగు వైపులా చూరు, మధ్యలో వాన నీళ్ళు పడే కుండీ, వీధి అరుగు మీద సాయంత్రం పూట పంచాయితీలు. ఆ లోగిలి ఆవిడ పుట్టిల్లు. 1977 నవంబరు ఉప్పెనలో అది నేలమట్టమైంది. ఆవిడ ఆ తర్వాత అక్కడికి వెళ్ళలేదు. ‘ఏం చూడ్డానికి వెళ్ళాలే’ అనేది.

పదేళ్ళ తర్వాత మా క్యాంపులో రైసు మిల్లు వాళ్ళింట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీలో మాల్గుడి చూశాం. మాటలు హిందీలో. పెద్దవాళ్ళకి ముక్క అర్థం కాదు, మాకు సగం అర్థమయ్యేది. గాలి వీస్తే యాంటెన్నా తిరిగిపోయేది, ఒకడు మేడెక్కి సరిచేసేవాడు. స్వామి ఇల్లు తెర మీద కనిపించగానే నాయనమ్మ ముందుకు వంగింది. లోపలి నడవా, చెక్క స్తంభాలు, వాటి మధ్య వెలుతురు. ‘ఒసే, ఆ స్తంభం పక్కనే మా అమ్మ మజ్జిగ చిలికేది’ అంది. ఆ తర్వాత వారం వారం వచ్చి కూర్చునేది. కథేమిటని ఒక్కనాడూ అడగలేదు. ఆలస్యమైతే మాత్రం ‘ఇల్లు చూపించేశాడా?’ అని అడిగేది.

మావారిది బరంపురం. ఆయన ఆ రోజుల్లోనే, అదే ధారావాహిక, అక్కడ చూశారట. ఆయన కన్ను ఇంటి మీద పడలేదు, స్టేషను మీద పడింది. పర్లాకిమిడిలో వాళ్ళ మేనత్త ఉండేది. నౌపడా నుంచి గుణుపూరు వెళ్ళే చిన్న రైల్లో సెలవులకి అక్కడికి వెళ్ళేవారు. మాల్గుడి స్టేషను చూసినప్పుడల్లా మేనత్త జంతికల డబ్బా గుర్తొచ్చేదట. ఎవరి మాల్గుడి వారిది.

ఎన్ని చేతులో

ఈ ధారావాహిక ఎవరెవరు కలిస్తే తయారైందో చూస్తే, బయటి రాష్ట్రాల్లో స్థిరపడ్డ మనలాంటి వాళ్ళకి ముచ్చటేస్తుంది. నారాయణ్ గారు తమిళ కుటుంబంలో, 1906లో మద్రాసులో పుట్టారు. చిన్నతనం అక్కడే అమ్మమ్మ దగ్గర గడిచింది. ఆ తర్వాత తండ్రి హెడ్మాస్టరుగా ఉన్న మైసూరు చేరి, జీవితంలో ఎక్కువ భాగం అక్కడే ఉన్నారు. రాసింది ఇంగ్లీషులో. దర్శకుడు శంకర్ నాగ్ హొన్నావరలో కొంకణి మాట్లాడే ఇంట పుట్టి, బొంబాయిలో మరాఠీ నాటకాల్లో ఆరితేరి, కన్నడ సినిమాలో పెద్ద హీరో అయిన మనిషి. సంగీతం కూర్చిన ఎల్. వైద్యనాథన్ తమిళులు. టైటిల్స్‌లో కనిపించే బొమ్మలు నారాయణ్ గారి తమ్ముడు, కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణ్ గారివి. మాటలు హిందీలో. ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’, ‘ది వెండర్ ఆఫ్ స్వీట్స్’ భాగాలను ఇంగ్లీషులో కూడా తీశారు. మిఠాయి కొట్టు జగన్‌గా శంకర్ నాగ్ అన్నగారు అనంత్ నాగ్, స్వామి తండ్రిగా గిరీశ్ కర్నాడ్ నటించారు.

ఇక స్వామి. ఆ కుర్రవాడు మాస్టర్ మంజునాథ్. కె. విశ్వనాథ్ గారి ‘స్వాతి కిరణం’లో, 1992లో, గంగాధరంగా మమ్ముట్టి ఎదుట నిలబడి పాడిన పిల్లవాడు ఇతనే. మా అమ్మాయికి స్వామి కన్నా గంగాధరమే ముందు తెలుసు. యూట్యూబులో మాల్గుడి డేస్ మొదటి భాగం చూపించినప్పుడు ‘అమ్మా, గంగాధరం చిన్నప్పుడు’ అంది.

శంకర్ నాగ్ ఎక్కువ కాలం బతకలేదు. 1990 సెప్టెంబరు 30న దావణగెరె దగ్గర అనగోడు వద్ద కారు ప్రమాదంలో పోయారు. అప్పటికి ఆయనకి ముప్ఫై అయిదేళ్ళు. ఇప్పటికీ బెంగుళూరులో చాలా ఆటోల వెనక ఆయన బొమ్మ కనిపిస్తుంది. ఆటో డ్రైవరుగా ఆయన వేసిన వేషాన్ని ఆ వృత్తివాళ్ళు మరిచిపోలేదు.

అరసాళు స్టేషను

బెంగుళూరులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి శివమొగ్గ. అక్కడి నుంచి తాళగుప్ప వెళ్ళే దారిలో సుమారు ముప్ఫై అయిదు కిలోమీటర్లు పోతే అరసాళు. చుట్టూ అడవి. మాల్గుడి డేస్ తీసే నాటికి ఈ లైను మీటరుగేజి. తర్వాత బ్రాడ్‌గేజి వేశారు, కొత్త స్టేషను వచ్చింది, పెంకుల కప్పు పాత కట్టడం పాడుబడింది. దాన్ని రైల్వే వాళ్ళు బాగుచేయించి 2020లో మాల్గుడి మ్యూజియంగా తెరిచారు. ఈ పని చేసిపెట్టిన శిల్పి జాన్ దేవరాజ్ ఒకప్పుడు అదే ధారావాహికకి కళాదర్శకత్వం చేసిన వారు. అంటే తను తీర్చిదిద్దిన స్టేషనుని ముప్ఫై మూడేళ్ళ తర్వాత మళ్ళీ తన చేతుల మీదుగానే నిలబెట్టారన్నమాట.

ఒక బోర్డు మీద అరసాళు అని ఉంటుంది, అక్కడికి నాలుగడుగుల దూరంలో మాల్గుడి అని ఉంటుంది. రైలు ఆగేది అరసాళులో, జనం దిగి ఫోటో తీయించుకునేది మాల్గుడిలో. లోపల ధారావాహికలోని దృశ్యాలు, మనుషుల బొమ్మలు. పాత రైలుపెట్టెలో టీ కొట్టు. మావారు ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని చాలాసేపు కూర్చున్నారు. ‘పర్లాకిమిడి స్టేషనులో వేపచెట్టు ఉండేది, ఇక్కడ లేదు’ అన్నారు. ఆ ఒక్క లోటూ ఆయన మనసులో పూడ్చుకున్నట్టున్నారు, టీ రెండోసారి తెప్పించుకున్నారు.

వాన ఊరు

మర్నాడు పొద్దున్నే ఆగుంబెకి బయల్దేరాం. శివమొగ్గ నుంచి తీర్థహళ్ళి మీదుగా తొంభై కిలోమీటర్ల పైచిలుకు. దారిలో చాలా దూరం తుంగానది పక్కనే ఉంటుంది. సక్రెబైలు ఏనుగుల శిబిరం, మండగద్దె పక్షుల లంక ఈ దారిలోనివే. తీర్థహళ్ళి దాటాక వక్క తోటలు, మిరియం తీగలు, రోడ్డుకి రెండు వైపులా దట్టమైన చెట్లు. ఊరికి అవతలి కొసన పడమటి కనుమ ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది. పధ్నాలుగు మలుపుల ఘాటు రోడ్డు సోమేశ్వరం దాకా దిగి, ఉడుపి వైపు పోతుంది. సాయంత్రం ఆకాశం తేటగా ఉంటే ఆ కొస నుంచి సూర్యుడు అరేబియా సముద్రంలో దిగడం చూడొచ్చు. మాకు ఆ అదృష్టం కలిగింది.

ఆగుంబెని దక్షిణాది చిరపుంజి అంటారు. ఏడాదికి సగటున ఏడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన. మా గంగావతి వైపు ఆరు వందలు పడితే మంచి ఏడాదంటాం. అంటే మాకు పదేళ్ళలో పడే వాన వీళ్ళకి ఒక్క ఏడాదిలో, అందులోనూ ముఖ్యంగా నాలుగు నెలల్లో పడుతుంది. అందుకే ఇళ్ళ కప్పులు అంత వాలుగా, చూరులు అంత కిందికి ఉంటాయి. అక్కడివాళ్ళు మంగళూరు హెంచు అనే పెంకులే ఇవి. ఇవే పెంకుల్ని కోస్తాలో మనవాళ్ళు బెంగుళూరు పెంకులంటారు. మంగళూరులో పుట్టిన పెంకు మన దగ్గరికి వచ్చేసరికి ఊరు మారింది. వలస వెళ్ళిన వాళ్ళకే కాదు, పెంకుకీ ఈ తిప్పలు తప్పలేదు.

ఊళ్ళో ‘దొడ్డ మనె’ ఎక్కడని అడగనక్కరలేదు. దొడ్డ మనె అంటే పెద్దిల్లు. నూరేళ్ళు దాటిన ఇల్లు. స్వామి ఇల్లుగా టీవీలో కనిపించింది ఇదే. ఈ వాస్తుని అక్కడ తొట్టి మనె అంటారు. నాలుగు వైపులా గదులూ నడవాలూ, నడిమధ్య ఆకాశానికి తెరిచి ఉన్న తొట్టి, చుట్టూ నగిషీ చెక్కిన స్తంభాలు. మన మండువా లోగిలికి మరో పేరు అనుకోవచ్చు. వీధి అరుగుని జగలి అంటారు. ఇల్లు మనుషులతో, పనిపాటలతో నిండుగా ఉంది. వచ్చినవాళ్ళని ఆదరంగా కూర్చోబెట్టి వేడి కషాయం ఇచ్చారు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, అనుమతి అడిగి, చెప్పులు బయట విడిచి చూసి రావాలి. అది మ్యూజియం కాదు, ఒక కుటుంబం కాపురం ఉండే ఇల్లు.

నేను ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. నాయనమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆవిడ మజ్జిగ స్తంభం ఏదో నాకు తెలియదు. ఆ ఇంటిని నేను చూడలేదు. కానీ ఉప్పెన తీసుకుపోయిన ఇల్లు మా ఇంట్లో ఎప్పుడు తలచుకున్నా, మా అందరి మనసులో వచ్చేది ఈ ఇల్లే. మా నాన్నగారితో సహా. తను చిన్నప్పుడు ఎన్నోసార్లు వెళ్ళిన అసలు ఇంటి గదుల వరస ఆయనకీ ఇప్పుడు ఈ ఇంటితో కలిసిపోయిందట.

పుస్తకం, తెర

ఇది టీవీకి ఉన్న బలం, చిక్కు కూడా. నవలలో మాల్గుడి ఇంత తడి ఊరు కాదు. సరయు ఒడ్డున ఇసుక ఉంటుంది. సాయంత్రాలు ఊరివాళ్ళు ఆ ఇసుకలో చేరి కబుర్లు చెప్పుకుంటారు. మండే మధ్యాహ్నాలు, దుమ్ము వీధులు. చదివిన వాళ్ళు ఎవరి ఊరిని బట్టి వారు దాన్ని కట్టుకోవచ్చు. బెంగుళూరు వాళ్ళు మల్లేశ్వరం, బసవనగుడి పేర్లు కలిపితే మాల్గుడి వచ్చిందంటారు. తిరుచ్చి వాళ్ళు మా లాల్‌గుడే అది అంటారు. నారాయణ్ గారు మాత్రం అది తన ఊహలోంచి వచ్చిన ఊరనే చెప్పారు. టీవీ వచ్చాక ఈ తగవు తీరిపోయింది. ఇప్పుడు పుస్తకం తెరిచినా ఆగుంబె పెంకులే కనిపిస్తాయి. ఇసుక మీద కూర్చున్న స్వామి నెత్తిన కూడా మలెనాడు మబ్బే ఉంటుంది.

ఊరు మారితే రచయితకి ఎంత బాధో నారాయణ్ గారికి అంతకు ముందే అనుభవం. ఆయన ‘ది గైడ్’ నవల కూడా మాల్గుడి కథే. 1965లో దేవానంద్ హిందీ సినిమాగా తీసినప్పుడు కథని ఉదయపూర్ వైపు తరలించేశారు. సినిమా బ్రహ్మాండంగా ఆడింది. నారాయణ్ గారు మాత్రం తన ఊరు తనకి కాకుండా పోయిందని నొచ్చుకుని, ఆ సంగతి వ్యంగ్యంగా ఒక వ్యాసమే రాశారు. శంకర్ నాగ్ చేసింది కూడా తరలింపే. కానీ ఆయన చిన్న ఊరిని చిన్న ఊరిగానే ఉంచారు. కోటలూ సరస్సులూ వెతకలేదు. ఆగుంబె వాళ్ళనే జనంలో నిలబెట్టి, వాళ్ళ వీధిలోనే వాళ్ళని నడిపించారు. అందువల్లే కాబోలు, ఉదయపూర్‌లో మాల్గుడిని ఎవరూ వెతకరు, ఆగుంబెకి ఇన్నేళ్ళ తర్వాత కూడా వస్తున్నారు.

యావ ఊరు?

సాయంత్రం ఊరి వీధిలో ఒక చిన్న కిరాణా కొట్టు ముందు ఆగాం. కొట్టులో పెద్దాయన, ఎనభై దగ్గర పడుతున్న మనిషి. మమ్మల్ని చూసి ‘యావ ఊరమ్మా?’ అన్నాడు. ఏ ఊరని. బెంగుళూరని మావారు చెప్పారు. ఆయన నవ్వి, ‘బెంగుళూరు అందరిదీనూ. మీ ఊరేది?’ అన్నాడు.

ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. రైల్లో, పెళ్ళిళ్ళలో, స్కూలు ఫారాల్లో ఎన్నిసార్లు ఎదురవుతుందో. మావారు బరంపురం అంటే ‘ఒరిస్సా వాళ్ళా?’ అంటారు, ఆపైన అయిదు నిమిషాలు వివరించాలి. నేను గంగావతి అంటే తెలుగువాళ్ళు ‘అది కాదు, సొంతూరు?’ అంటారు. దివిసీమ అంటే నేను ఒక్క రాత్రి కూడా పడుకోని ఊరు. ఈసారి మేమిద్దరం ఆలోచిస్తుండగానే మా అమ్మాయి కన్నడంలో ‘గంగావతి దగ్గర క్యాంపు, తాతగారి ఊరు’ అని చెప్పేసింది.

‘ఓహో, తుంగభద్ర వాళ్ళు. ఇక్కడ పడ్డ వానే మీ మడుల్లో పారేది’ అన్నాడాయన. మేం అర్థం కానట్టు చూస్తే వేలితో చూపించాడు. కొండ కొసకి అవతల పడ్డ చినుకు సీతానదిలో కలిసి అరేబియా సముద్రంలోకి పోతుంది. ఇవతల పడ్డది మాలతి వాగులో పడి తుంగలో కలుస్తుంది. తుంగ శివమొగ్గ దాటాక భద్రతో కలిసి తుంగభద్ర అవుతుంది. అదే హొసపేట డ్యాం, అదే మా ఎడమ కాలువ.

షూటింగు రోజులు ఆయనకి బాగా జ్ఞాపకం. ఊరంతా ఏదో ఒక వేషం వేసిందనీ, ఎవరి చొక్కా వాళ్ళదేననీ చెప్పి నవ్వాడు. ఆ తర్వాత కాస్త ఆగి ఒక మాటన్నాడు. ‘వచ్చినవాళ్ళంతా స్వామి ఇల్లెక్కడ అంటారు. మంచిదే, మాకూ గర్వమే. ఆగుంబె గురించి మాత్రం ఎవరూ అడగరు.’

మా అమ్మాయి అడిగింది. ఆయన చెప్పుకొచ్చాడు. వానాకాలానికి ముందే కట్టెలు, ఉప్పులో ఊరవేసిన అప్పె మామిడి పిందెలు, వడియాలు ఇంట్లో చేర్చుకునేవాళ్ళు. నాట్లప్పుడు ఆడవాళ్ళు వీపు మీద గొరబు కప్పుకునేవాళ్ళు. ఆకులతో అల్లిన, పడవ బోర్లించినట్టుండే గొడుగు అది. వంగి నాట్లు వేస్తుంటే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. వారాల తరబడి సూర్యుడు కనపడని రోజులుండేవి, బట్టలు పొయ్యి మీద తడికె కట్టి ఆరబెట్టుకునేవాళ్ళు. మన రాచనాగుని ఇక్కడ కాళింగ సర్పమంటారు, అది ఇంటి పెరట్లోకి వచ్చినా కొట్టరు. ఈ అడవిని, ఈ పాముల్ని అధ్యయనం చేయడానికే రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం పెట్టారు. గంటసేపు కూర్చున్నాం. ఆ గంటలో స్వామి ప్రసక్తి ఒక్కసారి కూడా రాలేదు.

ఆ ఊరి కథ రాసినవాళ్ళు

ఈ నేలకి తన సొంత కథకులు లేకపోలేదు. తీర్థహళ్ళి దగ్గరి కుప్పళి మహాకవి కువెంపు ఊరు. 1936లో ‘కానూరు హెగ్గడితి’, 1967లో ‘మలెగళల్లి మదుమగళు’ అనే బృహత్ నవలల్లో ఆయన రాసింది ఈ కొండల్నే, ఈ వానల్నే, ఈ పెద్దిళ్ళలోని జమీందార్లనీ పాలేర్లనీ. మూడో రోజు అక్కడికి వెళ్ళాం. ఆయన పెరిగిన ఇల్లు ‘కవిమనె’గా చూడవచ్చు. మూడంతస్తుల చెక్క ఇల్లు. వెనక గుట్ట మీద కవిశైలం. కువెంపు 1994లో పోయాక అంత్యక్రియలు అక్కడే జరిగాయి. పలకల మీద రాసినవన్నీ మా అమ్మాయి వాళ్ళ నాన్నకి చదివి, తెలుగులో చెప్తూ నడిచింది. కన్నడం రెండో భాష ఎందుకని ఐదో తరగతిలో పేచీ పెట్టిన పిల్ల తనే.

ఇంకో సంగతి తెలుగువాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. యు.ఆర్. అనంతమూర్తి గారిది కూడా ఈ తీర్థహళ్ళి తాలూకానే. 1965లో వచ్చిన ఆయన ‘సంస్కార’ నవలని సినిమాగా తీసింది ఒక తెలుగు కవి. నెల్లూరు వారైన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి గారు. ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన పట్టాభి అంటే మనకి తెలుస్తుంది. ఆయన తన మాతృభాష కాని కన్నడంలో, శృంగేరి దగ్గర వైకుంఠపురం అనే ఊళ్ళో ఆ సినిమా తీశారు. భార్య స్నేహలత అందులో చంద్రి వేషం వేశారు. 1970వ సంవత్సరానికి దేశంలో ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం దానికే వచ్చింది. కన్నడ చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అందులో ప్రాణేశాచార్యులుగా నటించిన గిరీశ్ కర్నాడే ఆ తర్వాత ఇదే మలెనాడుకి స్వామి తండ్రిగా వచ్చారు. మధ్యలో మన జంధ్యాల గారి ‘ఆనంద భైరవి’లో కూచిపూడి గురువుగా కూడా కనిపించారు.

నెల్లూరు మనిషి కన్నడ నేల కథ చెప్పాడు. తమిళ రచయిత ఊరిని కొంకణి బిడ్డ ఆగుంబెలో నిలబెట్టాడు. పరాయి ఊరిని సొంతం చేసుకోవడానికి అక్కడ పుట్టి ఉండాలని లేదని వీళ్ళంతా చూపించారు. కానీ ఒక షరతు ఉంది. పట్టాభి గారు అనంతమూర్తిని చదివి వచ్చారు. మనం ఉంటున్న ఊళ్ళని మన ఇళ్ళల్లో ఎంతమంది చదువుతున్నాం? బరంపురంలో ఉన్న పిల్లలకి ఫకీర్ మోహన్ సేనాపతి, షోలాపురం పిల్లలకి సానే గురూజీ, మదురై పిల్లలకి కల్కి ఎంత తెలుసు? మన భాష పోగొట్టుకోకూడదని సంఘాలు పెట్టుకున్నాం, పత్రిక నడుపుకుంటున్నాం. అది మన ధర్మం. దానితో పాటు, మన పిల్లలకి ఉన్న ఊరి కథలు కూడా దక్కాలి. లేకపోతే చెప్పుకునే ఊరూ వాళ్ళది కాకుండా, ఉన్న ఊరూ వాళ్ళది కాకుండా పోతుంది.

వెళ్ళాలనుకునే వాళ్ళకి

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. సూర్యాస్తమయం కనపడేది కూడా అప్పుడే. వానల్లో వెళితే అడవి అందం వేరే, కానీ జలగలు కాళ్ళకి పట్టుకుంటాయి, ఉప్పు పొట్లం దగ్గర పెట్టుకోవాలి. శివమొగ్గలో దిగితే అరసాళుకి ఒక రోజు, ఆగుంబెకి ఒక రోజు, కుప్పళికి ఒక పూట చాలు. బస్సులున్నాయి గాని, పిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటే కారు మాట్లాడుకోవడం మేలు. బయల్దేరే ముందు ధారావాహికలో నాలుగైదు భాగాలు పిల్లలకి చూపించండి. వీలైతే నవలలో ఒక అధ్యాయమైనా చదివి వినిపించండి. పుస్తకంలో ఊరు ముందు వాళ్ళ మనసులో పడాలి.

తిరుగు రైలుకి ముందు సమయం ఉండి కూడ్లి వెళ్ళాం. శివమొగ్గకి దగ్గరే. తుంగ, భద్ర అక్కడ కలుస్తాయి. పాత గుళ్ళు, మెట్లు, ఎదురుగా రెండు రంగుల నీళ్ళు కాసేపు పక్కపక్కనే నడిచి కలిసిపోవడం. స్నానానికి గంగ, తాగడానికి తుంగ అని కన్నడంలో సామెత. మా అమ్మాయి ఫోనులో పటం తెరిచి నీటి దారి వెంట వేలు జరుపుతూ కూర్చుంది. హొసపేట, గంగావతి, మంత్రాలయం, కర్నూలు. ఆలంపురం దాటాక కృష్ణ. శ్రీశైలం, నాగార్జునసాగర్, విజయవాడ బ్యారేజీ. అక్కడి నుంచి కాలువ. వేలు దివిసీమలో ఆగింది.

‘అమ్మా, జేజమ్మ ఊళ్ళో చేలకి ఈ నీళ్ళే’ అంది.

మా క్యాంపు తడుపుకున్నాక, దారిలో ఇన్ని ఊళ్ళు వాడుకున్నాక, అక్కడిదాకా ఎన్ని చేరతాయో. కొన్నయినా చేరతాయి. మేం మెట్లు దిగి కాళ్ళు కడుక్కుని, ఒక సీసా నీళ్ళు పట్టుకుని స్టేషనుకి బయల్దేరాం.